సబఖ్ ఎవరు వింటారు?

2022 జూన్ 6న పదో తరగతి రిజల్ట్ వచ్చింది. ఆ రోజు జొహర్ నమాజ్ అయ్యి మసీదు మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే రామచంద్రపురం నుంచి మా చెల్లెలి ఫోన్. "భాయ్, పాప నంబర్ వాట్సాప్‌లో పెట్టాను. మా ఫోన్లో సైటు తెరుచుకోవడం లేదు. నువ్వు చూసి చెప్పు" అంది. అక్కడే నిలబడి చూశాను. తెలుగు పాస్, హిందీ పాస్, ఇంగ్లీషు పాస్, సోషల్ పాస్. లెక్కలు తప్పింది, సైన్స్ తప్పింది.

ఆ మాట చెప్పాక అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత మా చెల్లెలు అంది: "పోనీలే భాయ్. అల్లాహ్ ఏం చేసినా మన మంచికే. ఒక రిష్తా వచ్చింది. చదువు అయ్యేదాకా ఆగమందామా వద్దా అని మీ దూల్హా భాయ్ ఆలోచిస్తున్నారు. ఇప్పుడిక ఆలోచించే పనే లేదు."

ఆ "పోనీలే" నన్ను వారం రోజులుగా నిద్ర పోనివ్వడం లేదు. మా భాంజీకి ఇంకా పదహారు నిండలేదు.

ఒక్క మా ఇంటి సంగతే అయితే ఇక్కడ రాసేవాడిని కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 6,15,908 మంది పరీక్ష రాస్తే 4,14,281 మంది పాసయ్యారు. 67.26 శాతం. రెండు లక్షల మందికి పైగా పిల్లలు తప్పారు. కరోనాకు ముందు, 2019లో, ఇదే పరీక్షలో దాదాపు 95 శాతం పాసయ్యారు. మధ్యలో 2020లోనూ 2021లోనూ పరీక్షే పెట్టలేదు, అందరినీ పాస్ చేసేశారు. ప్రభుత్వం ఈ రిజల్టును కరోనా ఖాతాలో రాసింది, ప్రతిపక్షం ప్రభుత్వం ఖాతాలో రాసింది. టీవీల్లో బహస్ నడిచింది, తర్వాత అందరూ వేరే ఖబర్ మీదకు వెళ్లిపోయారు. నేను ఆ వృత్తిలోనే ఉన్నాను కాబట్టి ఆ వెళ్లిపోవడం ఎంత సులువో నాకు బాగా తెలుసు.

కానీ ఈ పిల్లలెవరో ఒకసారి లెక్క వేయండి. 2020 మార్చి 19 నుంచి మన రాష్ట్రంలో బడులు మూతపడ్డాయి. అప్పుడు వీళ్లది ఎనిమిదో తరగతి చివర. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. పరీక్ష లేకుండా తొమ్మిదిలోకి వచ్చారు. 2020 నవంబర్ 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. అదీ ఒంటిపూట, కొందరికి రోజు విడిచి రోజు. 2021 ఏప్రిల్ 20న, రంజాన్ నెలలో, రెండో వేవ్ వచ్చి వీళ్ల తరగతి మళ్లీ మూసేశారు. మళ్లీ పరీక్ష లేదు. ఆగస్టు 16న పదో తరగతిలో కూర్చున్నారు. 2022 ఏప్రిల్ 27న, రంజాన్ ఆఖరి రోజుల్లో, వీళ్ల చేతిలో పదో తరగతి ప్రశ్నపత్రం పెట్టారు. రెండేళ్ల పాటు ఈ పిల్లలకు ఏం వచ్చిందో, ఏం రాలేదో అడిగిన నాథుడు లేడు. అడిగిన మొదటి రోజే ఫెయిల్ అన్నారు.

మరి మధ్యలో ఆన్‌లైన్ పాఠాలు నడిచాయి కదా అంటారు. నడిచాయి. ఎవరింట్లో ఎలా నడిచాయో చెబుతాను.

మా దూల్హా భాయ్ టైలర్. ఆయనకు ఏడాది సంపాదన అంతా రంజాన్ నెలలోనూ పెళ్లిళ్ల సీజన్లోనూ వస్తుంది. 2020 రంజాన్ లాక్‌డౌన్లో పోయింది, 2021 రంజాన్ రెండో వేవ్‌లో పోయింది. మన తూర్పుగోదావరి రాష్ట్రంలోనే ఎక్కువ కేసులు వచ్చిన జిల్లా. కొత్త బట్టలు ఎవరు కుట్టించుకుంటారు? ఇంట్లో కూర్చుని మాస్కులు కుట్టాడు. ఇద్దరు పిల్లలు. పాప గవర్నమెంటు హైస్కూల్లో, బాబు ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో. ఇది కరోనా చేసిన పంపకం కాదు, అంతకు ముందే మనం చేసుకున్నది. మన మొహల్లాల్లో ఎన్ని ఇళ్లలో ఇలాగే ఉందో మీకు తెలియదా?

ఇంట్లో ఉన్నది ఒక్కటే పెద్ద ఫోన్. బాబుకి జూమ్ క్లాసు. దానికి ఫీజు కట్టారు, క్లాసు పోతే డబ్బు పోయినట్టు. కాబట్టి ఫోన్ బాబుకి. పాపకి దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చేవి, టీచర్లు వాట్సాప్‌లో పెట్టే వర్క్‌షీట్లు ఉండేవి. అవి రాత్రి తమ్ముడు ఫోన్ వదిలాక చూసుకోవాలి. ఆ వేళకు ఛార్జింగ్ ఉండదు, డేటా ఉండదు, పిల్లకు ఓపిక ఉండదు. పగలంతా ఏం చేసింది? మాస్కులకు నాడాలు కుట్టింది. తమ్ముడు జూమ్‌లో కెమెరా ఆపేసి గేమ్ ఆడుతుంటే అక్క మాస్కుల కట్టలు కట్టింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. 2020 ఆగస్టులో మా చెల్లెలు ఫోన్ చేసి, "భాయ్, నీ దగ్గర పాత ఫోన్ ఏమైనా ఉందా, పిల్లల చదువు ఆగిపోతోంది" అంది. ఉంది. పంపాను. పంపిస్తూ నేనన్న మాట: "బాబు క్లాసుకి పనికొస్తుంది." పాప పేరు నా నోట రాలేదు. ఆడపిల్లల తాలీమ్ గురించి పేపర్లో ఎన్ని వ్యాసాలు రాశానో లెక్కలేదు. సొంత భాంజీ విషయం వచ్చేసరికి నాకు తెలియకుండానే నా నోరు నన్ను పట్టించింది. ఆ రెండో ఫోన్ కూడా బాబుకే వెళ్లింది. మొదటిది మా దూల్హా భాయ్ ఆర్డర్ల కోసం ఉంచుకున్నారు.

ఇదంతా మా ఒక్క ఇంటి కిస్సా కాదు. ప్రభుత్వ నమూనా సర్వేలోనే 2017-18 నాటికి దేశంలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న ఇళ్లు నాలుగింట ఒకటి కూడా లేవు. పల్లెల్లో 15 శాతం. 2020 సెప్టెంబర్‌లో అసర్ సంస్థ ఫోన్ల మీద పల్లె ఇళ్లను పలకరిస్తే, పిల్లలు చదువుకుంటున్న ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 62 శాతం దాకా వచ్చాయి. రెండేళ్ల కిందట అవి 36.5 శాతం. చూశారా, కడుపు కట్టుకుని ఫోన్లు కొన్నారు జనం. కానీ అదే సర్వేలో, ఆ ముందు వారంలో బడి నుంచి ఏదైనా పాఠం అందిన పిల్లలు మూడింట ఒక వంతే. అంటే ఫోన్ ఇంట్లోకి వచ్చింది, చదువు రాలేదు. ప్రపంచమంతటా 150 కోట్ల మందికి పైగా విద్యార్థుల బడులు మూతపడ్డాయని యునెస్కో అంది. అందులో 46 కోట్ల పైచిలుకు పిల్లలకు దూరవిద్య ఏ రూపంలోనూ అందే దారి లేదని యునిసెఫ్ 2020 ఆగస్టులో చెప్పింది. మన పిల్లలు ఆ లెక్కల్లో ఎక్కడో ఉన్నారు. నా భాంజీ మాత్రం ఆ 46 కోట్లలో లేదు. ఆమెకు "దారి ఉంది" కదా! ఇంట్లో టీవీ ఉంది, ఫోన్ ఉంది. కాగితం మీద ఆమె చదువు ఆగనే లేదు.

మన ఖౌమ్‌కి ఇంకో దెబ్బ కూడా తగిలింది. దాని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

2020 మార్చి చివర్లో నిజాముద్దీన్ మర్కజ్ వ్యవహారం వచ్చింది. "కరోనా జిహాద్" అన్న మాట పుట్టింది. పళ్లబండి నడిపే మనవాళ్లను పేరు అడిగి మరీ వెళ్లగొట్టిన రోజులవి. సరిగ్గా అవే రోజుల్లో బడులు వాట్సాప్ గ్రూపుల్లోకి మారుతున్నాయి. రామచంద్రపురంలో నాకు తెలిసిన ఒకాయన, పేరు వద్దు, తన కొడుకు క్లాసు గ్రూపులో ఉండేవాడు. ఏ పేరెంట్ పెట్టాడో, ప్లేట్లు నాకుతున్న సాయిబుల వీడియో అని ఒకటి ఆ గ్రూపులో పెట్టాడు. కింద నాలుగు నవ్వు బొమ్మలు. టీచర్ ఏమీ అనలేదు. బహుశా చూడలేదేమో, మంచిగానే అనుకుందాం. ఈయన ఒక గంట చూశాడు, ఎవరైనా తప్పు అంటారేమోనని. ఎవరూ అనలేదు. గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు.

ఆయన ఇజ్జత్ కాపాడుకున్నాడు. అంతకు ముందైతే ఇలాంటి మాట ఎవరైనా బజార్లో అంటే తండ్రికి తగిలేది, కొడుకు మర్నాడు బడికి మామూలుగానే వెళ్లేవాడు. ఇప్పుడు ఆ గ్రూపే బడి. తండ్రి బయటికి వస్తే కొడుకు కూడా బయటికి వచ్చినట్టే. హోంవర్క్ రాలేదు, లింకు రాలేదు, పరీక్ష ఎప్పుడో తెలియలేదు. మూడు నెలల తర్వాత ఫీజు కోసం స్కూలు నుంచి ఫోన్ వచ్చింది. మిగతా దేనికీ రాలేదు. ఆ ఏడాది ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ తబ్లీగీ విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని చెప్పింది. అల్హందులిల్లాహ్. కానీ ఆ తీర్పును ఆ గ్రూపులో ఎవరూ పెట్టి ఉండరు. ఆ పిల్లవాడు ఇప్పుడు బైకు మెకానిక్ దగ్గర పనిలో ఉన్నాడు. మంచి పనివాడు. కానీ ఆ పని అతను ఎంచుకున్నది కాదు.

మూడో ఇల్లు. మన గోదావరి జిల్లాల్లో ఎంతమంది ఆడవాళ్లు గల్ఫ్ దేశాల్లో ఇళ్లలో పని చేస్తున్నారో మీకు తెలుసు. తల్లి కువైట్‌లో, పిల్లలు నానీ దగ్గర. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ఆ తల్లి కొనిచ్చిందే. ఆమెకు అక్కడ యజమానురాలు కాస్త ఖాళీ ఇచ్చే వేళ, ఇక్కడ పిల్లకు క్లాసు వేళ ఒక్కటే అయ్యాయి. మీరైతే ఏం చేస్తారు? ఆ పిల్ల రోజూ తల్లి ఫోనే ఎత్తింది. బీమారీ రోజుల్లో అమ్మ బతికుందో లేదో తెలియాలి కదా. ఆ పిల్ల గైర్హాజరును బద్ధకం అని రాసుకున్నవాళ్లను నేను నిందించను. వాళ్లకు కనిపించింది ఆఫ్‌లైన్ అన్న మాటే.

ఇప్పుడు వేరే సంగతి చెబుతాను. అదే ఊరు, అదే ఫోన్లు, అదే నెలలు. మా చెల్లెలి మొహల్లాలో మక్తబ్ నడిపే హాఫిజ్ సాబ్ ఒకరున్నారు. మసీదు మూసేశారు, మక్తబ్ మూసేశారు. ఆయన దగ్గర జూమ్ లేదు, ఉన్నా ఎలా వాడాలో ఆయనకు తెలియదు. ఆయన చేసింది ఇది. పిల్లలు రోజూ తమ సబఖ్ చదివి వాయిస్ మెసేజ్ పెట్టాలి. ఇషా తర్వాత ఆయన ఒక్కొక్కటి విని, తప్పు ఎక్కడుందో చెప్పి తిరిగి వాయిస్ పెడతారు. "బేటా, అది కాఫ్ కాదు, ఖాఫ్. గొంతు లోపలి నుంచి రావాలి. రేపు మళ్లీ ఇదే చదువు." పెద్ద ఫోన్ లేని ఇళ్లకు ఫజర్ తర్వాత మామూలు కాల్ చేసి పిల్ల చేత చదివించుకునేవారు. రెండు రోజులు మెసేజ్ రాకపోతే తండ్రికి ఫోన్ చేసి, "పిల్లవాడికి ఒంట్లో బాగుందా?" అని అడిగేవారు.

మా భాంజీ ఆ లాక్‌డౌన్లోనే నాజిరా ఖురాన్ ఖతమ్ చేసింది. ఆమె తమ్ముడూ తడబడకుండా చదువుతున్నాడు. ఏ ఫోన్లో లెక్కలు రాలేదో, అదే ఫోన్లో ఖురాన్ వచ్చింది. ఇది నన్ను చాలా రోజులు ఆలోచనలో పెట్టింది.

మనవాళ్లు కొందరు దీనికి వెంటనే "ఖురాన్ బర్కత్" అంటారు. బర్కత్ ఉంది, ఇన్కార్ చేయను. కానీ అల్లాహ్ బర్కత్ కూడా ఒక తరీఖా ద్వారానే వస్తుంది. ఆ తరీఖా ఏంటో చూడాలి. నేను ఉర్దూ మీడియం బడిలో చదివినవాణ్ని. తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి, ఎండబెట్టి, ఖలమ్‌తో అలిఫ్ బే రాసినవాణ్ని. మా ఉస్తాద్ రోజూ పొద్దున అనే మొదటి మాట "సబఖ్ సునావ్". కొత్త పాఠం చెప్పడం తర్వాత. నిన్నటిది ముందు వినిపించాలి. వినిపించలేని వాడికి కొత్త సబఖ్ లేదు. అప్పుడు అది జుల్మ్ అనుకునేవాళ్లం. ఇప్పుడు చూస్తే, ఆయన రోజుకు నలభై మంది పిల్లల గొంతులు విడివిడిగా వినేవారు. ఎవడు ఎక్కడ ఆగాడో ఆయనకు తెలిసేది.

ఆన్‌లైన్ క్లాసు అని మన పిల్లలకు ఇచ్చినది అంతా వినిపించడమే. టీవీ వినిపించింది. వీడియో వినిపించింది. జూమ్‌లో అరవై మంది పిల్లలను మ్యూట్‌లో పెట్టి టీచర్ వినిపించాడు. పీడీఎఫ్‌లు వచ్చి పడ్డాయి. తిరిగి పిల్ల గొంతు వినే ఏర్పాటు ఎవరూ చేయలేదు. హాఫిజ్ సాబ్ దగ్గర టెక్నాలజీ తక్కువ, కానీ ఆయన చెవి పిల్లల దగ్గర ఉంది. రెండింటికీ ఉన్న ఫర్క్ అదే.

ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. టీచర్లందరినీ ఒకే గాటన కట్టను. ఊళ్లోకి వచ్చి అరుగుల మీద కూర్చుని నోట్సులు దిద్దినవాళ్లు ఉన్నారు. మధ్యాహ్న భోజనం బియ్యం, గుడ్లు, చిక్కీలు పంచడానికి, ఇంకా సవాలక్ష పనులకు వాళ్లనే వాడారు. రెండో వేవ్‌లో ఎంతోమంది టీచర్లు కోవిడ్‌తో పోయారు, అల్లాహ్ వాళ్ల కుటుంబాలకు సబర్ ఇవ్వాలి. ఏడు సబ్జెక్టులు, వందల మంది పిల్లలు, చేతిలో సొంత ఫోన్, సొంత డేటా. హాఫిజ్ సాబ్‌కి ముప్పై మంది పిల్లలే. పోలిక పూర్తిగా సరి కాదని నాకూ తెలుసు.

ఇంకో ఖతరా కూడా ఉంది. ఇది చదివి ఎవరైనా "చూశారా, మక్తబ్ చాలు, స్కూలు అక్కర్లేదు, ముఖ్యంగా ఆడపిల్లకి" అంటారేమో. అది నా మాట కాదు. ఖురాన్ నాజిరా వచ్చిన పిల్లకు వర్గ సమీకరణం కూడా రావాలి. మన దీన్‌లో మొదట దిగిన హుకుమ్ "ఇఖ్రా", చదువు అని. ఆ చదువులో ఆడపిల్లకు సగం, మగపిల్లవాడికి పూర్తి అని ఎక్కడా లేదు. నేను చెప్పేది ఒక్కటే: మక్తబ్‌లో మనం మరిచిపోని తరీఖాను స్కూలు చదువు దగ్గర ఎందుకు మరిచిపోయాం?

ఆన్‌లైన్ చదువు మొత్తం గలత్ అని కూడా అనను. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ 1998 నుంచి దూరవిద్య ఇస్తోంది. పెళ్లయిపోయి చదువు ఆగిన మన కోడళ్లు ఎందరో ఇంట్లో కూర్చుని డిగ్రీలు చేశారు. వీడియో పాఠాలు వాళ్లకు నిజంగా నేమత్. కానీ వాళ్లు పెద్దవాళ్లు, ఏం తెలియదో తమకు తెలిసినవాళ్లు. పదమూడేళ్ల పిల్లకు తనకేం రాదో చెప్పడానికి పక్కన ఒక మనిషి కావాలి. పైగా ఆ తీగ మన చేతిలో ఉండదు. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో చాలా మండలాల్లో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. ఇంటి నుంచి పని చేసుకునే కుర్రాళ్లు సిగ్నల్ కోసం గోదావరి ఒడ్డుకు వెళ్లి కూర్చున్నారు. పిల్లల చదువంతా ఆ తీగకే కట్టి ఉంటే ఆ రోజుల్లో దాని గతి ఏంటి?

ఇక షాదీ మాట. లాక్‌డౌన్లో నికాహ్ సులువైంది. యాభై మందే రావాలి, ఫంక్షన్ హాల్ లేదు, బిర్యానీ డేగులు పది బదులు రెండు చాలు. సాదాగా నికాహ్ చేయమని మన రసూల్ చెప్పినదే కదా, సంతోషించాం. కానీ ఆ తక్కువ ఖర్చు చూసి, "ఇదే మౌకా, కానిచ్చేద్దాం" అని పదహారేళ్ల పిల్లల్ని పీటల మీద కూర్చోబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. తర్వాత 2021 డిసెంబర్‌లో ఆడపిల్ల పెళ్లి వయసు 21కి పెంచే బిల్లు లోక్‌సభలో పెట్టారు. అది కమిటీకి వెళ్లింది, చట్టం కాలేదు. కానీ మన ఇళ్లలో హడావిడి మొదలైంది. ఉన్న చట్టం ప్రకారమే పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేయడం నేరమన్న సంగతి ఆ హడావిడిలో ఎవరికీ గుర్తు లేదు. ఇప్పుడు ఈ ఫెయిల్ రిజల్ట్ ఒకటి వచ్చి చేరింది. "చదువు అబ్బలేదు" అని ఒక్క మాట అంటే చాలు, ఎవరూ ఇంకేం అడగరు.

చదువు అబ్బకపోవడం కాదు. మనం ఇవ్వలేదు. ఇవ్వనిది రాలేదని పిల్లను ఫెయిల్ చేశాం. ఆ ఫెయిల్‌ను చూపించి పెళ్లి చేస్తున్నాం.

రిజల్ట్ వచ్చిన మూడో రోజు రామచంద్రపురం వెళ్లాను. మా దూల్హా భాయ్ మంచివాడు, నా మీద గౌరవం ఉన్నవాడు. కోపం తెచ్చుకోలేదు. "మీరు చెప్పింది కాదనను భాయ్. కానీ మళ్లీ తప్పితే? అప్పటికి ఈ రిష్తా ఉంటుందా? నా దగ్గర రెండు రంజాన్ల అప్పు ఉంది" అన్నాడు. ఆ సవాలుకు నా దగ్గర పెద్ద జవాబు లేదు. సప్లిమెంటరీ పరీక్షలు జూలై 6 నుంచి. అప్పటిదాకా ఆగమని అడిగాను. వయసు సంగతి కూడా చెప్పాను, చట్టం సంగతీ చెప్పాను. "జూలై దాకా" అన్నాడు. అంతే ఒప్పుకున్నాడు.

తర్వాత పాపను కూర్చోబెట్టి లెక్కల పుస్తకం తెరవమన్నాను. నేను తెలుగు డిగ్రీ వాణ్ని, నాకు లెక్కలు రావు. అయినా మా ఉస్తాద్ మాటే అన్నాను, "సబఖ్ సునావ్". ఒక లెక్క తీసుకుని, చేస్తూ ప్రతి మెట్టూ పైకి చెప్పమన్నాను. వర్గ సమీకరణం మొదలుపెట్టింది. రెండో మెట్టులో ఆగింది. "ఇక్కడ కారణాంకాలు రాయాలి మామూ, అది నాకు రాదు." అది ఏ తరగతిలో ఉంటుందని అడిగాను. తమ్ముడి పాత పుస్తకాల్లో వెతికి తెచ్చింది. కారణాంక విభజన, ఎనిమిదో తరగతి పుస్తకంలో చివరి పాఠాల్లో ఒకటి. 2020 మార్చిలో సగంలో ఉండగా బడి మూశారట. అక్కడ ఆగిన పిల్ల రెండేళ్లు తొమ్మిది, పది తరగతుల లెక్కలు అర్థం కాకుండానే కాపీ చేసింది. అది ఎవరికీ తెలియలేదు. లెక్కలు రాని నేను ఇరవై నిమిషాలు వింటే తెలిసిపోయింది.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు బేటీ?" అన్నాను. "ఎవరూ అడగలేదు మామూ" అంది. ఫిర్యాదుగా కాదు, మామూలుగానే చెప్పింది.

ఇప్పుడు వాళ్ల మొహల్లాలోనే బీటెక్ చదివే ఒక అమ్మాయి అసర్ తర్వాత వచ్చి గంట కూర్చుంటోంది. పాప రాత్రి ఒక లెక్క చేస్తూ పైకి చదివి నాకు వాయిస్ పంపుతుంది. అర్థం కాకపోయినా వింటున్నాను. ఎక్కడ ఆగుతుందో అక్కడ గీత పెట్టి ఆ అమ్మాయికి చెబుతున్నాను. పాత ఫోన్ ఇప్పుడు పాప దగ్గర ఉంది. ఇది తమ్ముడి దగ్గర తీసుకోవడానికి ఒక పూట యుద్ధమే జరిగింది.

మీకు నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మీ ఇంట్లో, మీ పక్కింట్లో ఈసారి తప్పిన పిల్ల ఉంటే "పోనీలే" అనకండి. సప్లిమెంటరీ ఫీజు కట్టించండి. పరీక్షల మధ్యలోనే బక్రీద్ వస్తోంది, ఆ వారం వంటింటి పని పిల్లకు చెప్పకండి. తొమ్మిదో తరగతిలోనో ఏడో తరగతిలోనో ఉన్న పిల్లల్ని కూడా కూర్చోబెట్టి, పుస్తకం పైకి చదవమని వినండి. మీకు చదువు రాకపోయినా పర్వాలేదు, ఆగిన చోటు చెవికి తెలుస్తుంది. మసీదు కమిటీల పెద్దలకు ఒక గుజారిష్: నమాజుల మధ్య హాలు ఖాళీగా ఉంటుంది, ఫ్యాన్లు ఉన్నాయి, వెలుతురు ఉంది. జొహర్‌కీ అసర్‌కీ మధ్య గంటన్నర ట్యూషన్‌కి ఇవ్వండి. ఆడపిల్లలకు వేరే గది కావాలంటే మక్తబ్ గది ఉంది. చదువుకున్న మన కుర్రాళ్లు, అమ్మాయిలు ఊరికి ఇద్దరైనా ఉన్నారు, అడిగితే వస్తారు. జుమా ఖుత్బాలో ఒక్కసారి ఈ మాట అనండి. చందా అడిగినంత గట్టిగా అనక్కర్లేదు, అంటే చాలు.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి, అవి అడుగుతూనే ఉంటాను, అది నా ఉద్యోగం. కానీ ఫోన్ ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వం చెప్పలేదు. అది మా ఇంట్లో మేమే నిర్ణయించాం.

నిన్న రాత్రి వచ్చిన వాయిస్‌లో పాప రెండో మెట్టు దాటింది. మూడో మెట్టులో గుర్తు మార్చడం మరిచిపోయిందని ఈ ఉదయం ఆ బీటెక్ అమ్మాయి చెప్పింది. జూలై 6కి ఇంకా మూడు వారాలు ఉంది. దువా చేయండి.